మూడో తరగతి లెక్క పదిలో తేలుతుంది

2022 జూన్ 30న తెలంగాణ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. 97.85 శాతం ఉత్తీర్ణతతో 33 జిల్లాల్లో సిద్దిపేటది మొదటి స్థానం. రాష్ట్ర సగటు 90 శాతం. రాజధాని హైదరాబాద్ 79.63 శాతంతో అట్టడుగున మిగిలింది. కోవిడ్ వల్ల రెండేళ్ల పాటు పరీక్షలు లేకుండానే పిల్లలందరినీ పాస్ చేశాక జరిగిన మొదటి పరీక్ష అది. సెల్‌ఫోన్‌లో పాఠాలు విని, సగం విని, అసలు వినక బడికి తిరిగొచ్చిన పిల్లలతో సాధించిన ఫలితం కాబట్టి దాని విలువ ఇంకాస్త ఎక్కువే.

ఆ ఫలితం వెనక ఉపాధ్యాయుల చాకిరీ ఉంది. పొద్దున ఒక గంట ముందు, సాయంత్రం ఒక గంట తర్వాత ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, వెనకబడిన పిల్లలను తలా కొందరిని దత్తత తీసుకున్నట్టు పంచుకోవడం. పరీక్షల కాలంలో ఇంట్లో టీవీ కట్టేయండి, ఫోన్ పక్కన పెట్టండి అంటూ సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు తల్లిదండ్రులకు ఉత్తరాలు కూడా రాశారు.

అదే హరీశ్‌రావు 2019 చివర్లో, ఆర్థిక మంత్రిగా, సంగారెడ్డి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లారు. పదో తరగతి పిల్లలను ఎక్కాలు అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. ఎక్కాలు రాకుండా పది ఎట్లా రాస్తారని ఆయన నొచ్చుకున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ దాని జవాబు ఆ తరగతి గదిలో దొరికేది కాదు. ఏడేళ్ల కింద, మూడో తరగతిలో, ఆ పిల్లల ముందు ఎవరు నిలబడ్డారు, ఎంతసేపు నిలబడ్డారు అన్న దగ్గరికి వెళ్లి వెతకాలి.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను కదిలిస్తే ముందు ఈ లెక్కే చెబుతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి ఐదు దాకా వాటికి పరిసరాల విజ్ఞానం తోడు. మొత్తం 18 సబ్జెక్టులు. ఒకరు సెలవు పెట్టినా, కాంప్లెక్స్ మీటింగ్‌కు పోయినా, మిగిలిన ఒక్కరే ఐదు తరగతులకూ దిక్కు. దానికి తోడు మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. 30 మందికి ఒక టీచర్ అనే నిష్పత్తి కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. ఐదేళ్ల పిల్లను, పదేళ్ల పిల్లను ఒకే గదిలో కూర్చోబెట్టాక ఆ నిష్పత్తికి అర్థం లేదు.

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బడియేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వేకు రాష్ట్రమంతటా ప్రాథమిక బడుల టీచర్లు తిరిగారు. అన్ని రోజులూ ఆ బడులు ఒంటిపూటే నడిచాయి. సర్వే అవసరం లేదని ఎవరూ అనరు. పోయిన పూటలు ఎవరివో చూడండి: అక్షరాలు, అంకెలు అప్పుడప్పుడే కుదురుకుంటున్న పిల్లలవి.

మంచి బోధన అంటే ఏమిటో చూడాలంటే ఒక తీసివేత లెక్క చాలు. 52లోంచి 27 తీసేయమంటే ఒక పిల్ల 35 అని రాస్తుంది. పక్క పిల్లవాడు 26 అని రాస్తాడు. దిద్దే కలానికి రెండూ తప్పులే. పిల్లవాడు వేళ్లు లెక్కపెట్టడంలో ఒకటి తడబడ్డాడు, ఇంకోసారి చేయమంటే సరిచేసుకుంటాడు. పిల్ల సంగతి వేరు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసింది. పదులు, ఒకట్లు అంటే ఏమిటో ఆమెకు ఇంకా పట్టుబడలేదు. ఎన్ని లెక్కలిచ్చినా అదే తప్పు చేస్తుంది, పైగా ప్రతిసారీ నమ్మకంగా చేస్తుంది. పుల్లల కట్ట ఒకటి విప్పి పది పుల్లలు చేతిలో పోసి చూపించేదాకా ఆమెకు దారి లేదు. ఇది కనిపెట్టాలంటే టీచర్ ఆ పిల్ల పక్కన కూర్చుని “ఎట్ల చేసినవ్ బిడ్డా?” అని అడగాలి, చెప్పేదాకా ఆగాలి. అడిగే ఓపిక ఉన్న ఉపాధ్యాయులు మన బడుల్లో ఉన్నారు. ఆగే సమయం వాళ్లకు దక్కడం లేదు.

విధానాల రూపకర్తలకు ఈ సంగతి తెలియక కాదు. చిన్న తరగతుల్లోనే చదవడం, రాయడం, లెక్క చేయడం రావాలని 2020 జాతీయ విద్యా విధానం గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2022లో తెలంగాణ తొలిమెట్టు తెచ్చింది. అదే ఏడాది ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. అది మంచి ఆలోచన. ఎదురెదురు పేజీల మధ్య పిల్లను అటూ ఇటూ నడిపించడానికి మాత్రం ఒక మనిషి కావాలి. కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన మేలని జాతీయ విధానం, ఇంగ్లిష్ కావాలని తల్లిదండ్రులు. రెండు కోరికల బరువూ చివరికి ఆ ఇద్దరు టీచర్ల మీదే పడింది.

ప్రభుత్వ బడి మీద జనానికి నమ్మకం పోయిందనే మాట సిద్దిపేటలో చెల్లదు. ఇక్కడి ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అడ్మిషన్లు లేవని బోర్డు పెట్టాల్సి వచ్చిన బడి. ఆ బడికి చెందిన పయ్యావుల రామస్వామి 2021లో జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అందుకున్నారు. ఆ ఏడు తెలంగాణకు వచ్చిన రెండో పురస్కారం ఆసిఫాబాద్ జిల్లా సావర్‌ఖేడ్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న కడెర్ల రంగయ్యది. ఒకటి పట్టణంలోని పెద్ద బడి, ఒకటి మారుమూల చిన్న బడి.

సిద్దిపేటలో కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. 1925లో ఇదే ఊళ్లో పుట్టి, బోనాలను, బతుకమ్మను, పల్లె పనిపాటలను నకాశీ ఛాయలతో బొమ్మకట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. బొమ్మలకు పదో తరగతిలో పేపర్ లేదు, శాతం లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడిని పెట్టాలని విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. రాజయ్య నడిచిన ఊళ్లో ఆ వాక్యాన్ని ఇంకాస్త పట్టుదలగా అమలు చేయమని అడగడం అత్యాశ కాదు.

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) లేని టీచర్లలో రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లంతా రెండేళ్లలో దాన్ని పాస్ కావాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు కూడా మళ్లీ గైడ్లు పట్టారు. టీచర్‌కు విషయం తెలిసి ఉండాలనడంలో తప్పు లేదు. కానీ 35 రాసిన పిల్లను, 26 రాసిన పిల్లవాడిని వేరువేరుగా చూడగలరా అన్నది ఆ పరీక్షలో తేలదు.

2024 డిసెంబర్ 4న దేశమంతా జరిగిన పరఖ్ సర్వేలో 3, 6, 9 తరగతుల పిల్లలను పరీక్షించారు. మూడో తరగతిని కూడా లెక్కలోకి తేవడం మంచిదే. అయితే అది ఎంపిక చేసిన బడుల సర్వే. జిల్లా ఎక్కడుందో చెబుతుంది, ఏ ఊరి ఏ పిల్లకు తీసివేత రాదో చెప్పదు. అది చెప్పగలిగేది ఆ తరగతి టీచర్ ఒక్కరే. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు ప్రకటన వచ్చింది. అంతకు ముందు పెద్ద నియామకం 2017 నాటిది. మధ్యలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఐదు దాటి హైస్కూల్‌కు వెళ్లిపోయారు. తరగతికొక టీచర్ కావాలని ఉపాధ్యాయ సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. పదో తరగతిలో మొదటి స్థానం తెచ్చిన జిల్లాకు ఆ మాట అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అడిగే హక్కుంది.