బరంపురమునందలి పాతయిండ్ల గోడపూతలు – వాని జీర్ణోద్ధరణము

గంజాము మండలములో అధికభాగము 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీవరకు మద్రాసు రాజధానిలో నుండి, ఆనాడు ఒరిస్సా రాష్ట్రమున చేరెను. అంతకుముందు బరంపురమున తెలుగు కుటుంబములు ఇటుకతోను సున్నముతోను కట్టించుకొన్న యిండ్లు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వాని గోడలపూత ఉబ్బి పెచ్చులుగా రాలునప్పుడు గృహస్థులు సాధారణముగా సిమెంటు పూయింతురు. కొన్నియేండ్లకే అదియు ఊడిపడును. పడునప్పుడు ఇటుక మొగమునుగూడ ఊడ్చుకొనిపోవును. ఇట్లేల జరుగునో తెలిసికొనుట అవసరము.

పాతగోడ నేలనుండియు వాననుండియు తేమను పీల్చును. సున్నపుపూతలో సూక్ష్మరంధ్రము లుండుటచే ఆ తేమ ఆవిరియై వెలుపలికి పోవును. సిమెంటుపూత దట్టమైనది, బిరుసైనది. అది తేమను లోపలనే బంధించును. తేమతో వచ్చిన ఉప్పు పూతవెనుక స్ఫటికములుగా పేరుకొని పూతను వెలికి నెట్టును. గోపాల్‌పూరు సముద్రతీరము బరంపురమునకు సమీపమున నుండుటచే ఇచ్చట ఉప్పుగాలి బాధయు కలదు. 1999 అక్టోబరు 17వ తేదీనాటి తుపాను, 2013 అక్టోబరు 12వ తేదీన గోపాల్‌పూరు సమీపమున తీరము దాటిన ఫైలిన్ తుపాను ఈ ప్రాంతపు యిండ్లను తీవ్రముగా పరీక్షించినవి.

కావున మొదట చేయవలసినది పూతపని కాదు, నీటిదారిని వెదకుట. మిద్దె పగుళ్లు, విరిగిన తూములు, గోడమొదట నిలుచు నీరు – వీనిని ముందు సరిచేయవలెను. పిమ్మట గోడను మెల్లగా తట్టి, డొల్లధ్వని వచ్చుచోటనే పూతను తీయవలెను. ఇటుకల నడిమి సందులను గీకి, చవుడును పొడిబ్రష్షుతో తుడిచివేయవలెను; నీటితో కడిగిన ఉప్పు కరిగి మరల గోడలోనికే పోవును.

ముందుగానే నానబెట్టిన సున్నము ఒకపాలు, కడిగిన నదియిసుక మూడుపాళ్లు కలిపి చక్కగా నూరవలెను. ఇసుకలో కొంతభాగమునకు బదులు ఇటుకపొడి చేర్చిన పూత తేమనేలలో గట్టిపడును. సముద్రపుటిసుక పనికిరాదు. పూర్వపు మేస్త్రీలు కరక్కాయనీరు, బెల్లపునీరు కలుపుటయు కలదు. గోడను తడిపి, ఒక్కొక్క పొర 10 మిల్లీమీటర్లకు మించకుండ పూయవలెను. ఒకపొర గట్టిపడినపిమ్మటనే రెండవది పూయవలెను. గాలిలోని బొగ్గుపులుసువాయువును గ్రహించి సున్నము నెమ్మదిగా మరల రాయివంటి దగును. కనుక కొన్నిదినములు ఎండతగులకుండ తడిగోనెలు కప్పవలెను. వానలును తుపానులును తగ్గిన శీతకాలమే ఈ పనికి అనుకూలము. పైని సున్నమే వేయవలెను. ప్లాస్టికురంగు వేసినచో రంధ్రములు మరల మూసికొనును.

వేడినుండి రక్షణయు ఈ పాతకట్టడములోనే యున్నది. దళసరిగోడ పగటివేడిని ఆలస్యముగా లోనికి పంపును. మిద్దెపై ఇటుకముక్కలను సున్నముతో కలిపి దిమ్మిసకొట్టిన పొరయు అట్లే పనిచేయును. దానిని తవ్వివేయక, పగుళ్లను సున్నముతో పూడ్చి తెల్లసున్నము వేసిన ఎండవేడి కొంత వెనుకకు పోవును.

ఇదివరకే పూసిన సిమెంటు గట్టిగా పట్టుకొనియున్నచో దానిని బలవంతముగా ఊడదీయరాదు, ఇటుక చెడును. అది తనంతట సడలినచోటనే తీసి సున్నము పూయుట మేలు. సున్నపుపని ఆలస్యమైనది, ఓర్పు కోరునది. దానిని ఎరిగిన పనివాండ్రు అరుదగుచున్నారు. వారుండగనే పని చేయించి, పిన్నవారికి నేర్పించుకొనుట ఈ యిండ్లు గలవారి విధి.