మీకు తెలుసా? తుపాకీకి పగటి కన్నొకటి, రాత్రి కన్నొకటి!

కాస్త ఇలా దగ్గరికి రండి, ఒక మాట చెప్పాలి! స్నైపర్ రైఫిల్‌ను మొదటిసారి చూసిన ఎవరి చూపైనా ఆ పొడవాటి బ్యారెల్ మీదికే పోతుంది. కానీ అసలు అద్భుతం దాని నెత్తిన కూర్చుంది! అదే స్కోప్! ఫిన్లాండ్‌లో తయారై మన జవాన్ల చేతికి వచ్చిన సాకో టీఆర్‌జీ-42నే తీసుకోండి. దాని గురి 1,500 మీటర్ల దాకా! అంత దూరాన నిలబడ్డ మనిషి మామూలు కంటికి సరిగ్గా ఆనడు. ఆనేలా చేసేది ఇనుము కాదు, అద్దం!

ముందు చేత్తో పట్టుకుందాం. అబ్బ, ఎంత బరువో! స్కోప్ బిగించకముందే 5 కిలోల పైమాట! ఆ బరువు కావాలనే పెట్టారు. తుపాకీ ఎంత బరువుంటే వెనక్కి తన్నే తన్ను అంత తగ్గుతుంది!

ఇప్పుడొక చిన్న పరీక్ష. 100 రూపాయల నోటు తీసి బ్యారెల్‌కూ కింది చట్రానికీ మధ్య దూర్చండి. అటు నుంచి ఇటు సాఫీగా జారిపోతుంది! బ్యారెల్‌ను వెనక చివర ఒక్కచోటే బిగించారు. మిగతాదంతా గాలిలోనే! తూటా పేలినప్పుడు బ్యారెల్ సన్నగా వణుకుతుంది. దానికి ఏది తగిలినా ఆ వణుకు మారిపోతుంది, గురి చెదిరిపోతుంది!

స్కోప్‌కు కన్ను ఆనించి చూడాలనుకుంటున్నారా? వద్దు! కంటికీ అద్దానికీ మధ్య దాదాపు 9 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేదంటే తుపాకీ వెనక్కి తన్నగానే స్కోప్ అంచు కనుబొమను చీల్చేస్తుంది! అలా నుదుట మచ్చ వేయించుకున్న షూటర్లు ప్రపంచమంతటా ఉన్నారు!

మంచి రైఫిల్‌కు పరీక్ష ఏమిటో తెలుసా? 100 మీటర్ల దూరంలో తగిలిన తూటాలన్నీ 2.9 సెంటీమీటర్ల లోపే ఉండాలి. మన పది రూపాయల బిళ్ళ వెడల్పు దాదాపు అంతే! షూటర్లు దీన్ని ఒక ఎంఓఏ అంటారు. ఒక డిగ్రీని 60 ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క అది!

స్కోప్ మీద గుండ్రటి మరలుంటాయి. వేలితో తిప్పితే టిక్, టిక్ మంటాయి. మిల్ అనే మరో కోణపు కొలత వాడే చాలా స్కోపుల్లో ఒక్క టిక్‌కు 100 మీటర్ల దూరంలో గురి సరిగ్గా 1 సెంటీమీటరు జరుగుతుంది! అంతే, ఒక్క సెంటీమీటరు! చీకట్లో కూడా టిక్కులు లెక్కపెట్టుకుంటూ గురి సరిచేయొచ్చు.

లోపల కనిపించే అడ్డగీతల సంగతి వింటే ఆశ్చర్యపోతారు! ఇప్పుడైతే వాటిని అద్దం మీదే చెక్కుతున్నారు. 18వ శతాబ్దం నుంచి దుర్భిణులకూ, సర్వే పరికరాలకూ ఆ గీతల కోసం ఏం వాడారో తెలుసా? సాలెపురుగు దారం! అంత సన్నగా, అంత గట్టిగా ఉండే దారం మనిషికి ఇంకెక్కడా దొరకలేదు మరి!

పూత లేని గాజు తన మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొట్టేస్తుంది. అది ఒక్క ముఖానికి! స్కోప్‌లో 10 అద్దాలుంటే 20 ముఖాలు. లెక్క వేయండి, సగానికి పైగా వెలుగు దారిలోనే మాయం! దీనికి మందు 1935లో దొరికింది. జర్మనీ జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా అద్దానికి పలుచటి పూత వేసి చూపించాడు. ఆ పూతలే ముదిరి ముదిరి ఇప్పుడు 90 శాతానికి పైగా వెలుగును కంటికి చేరుస్తున్నాయి! కళ్లజోడు కొన్నప్పుడు దుకాణంవాడు అడిగే కోటింగు కూడా ఆ కోవలోదే!

మునిమాపు వేళ వేటకు జర్మన్లు 8 రెట్లు చూపే, 56 మిల్లీమీటర్ల అద్దం ఉన్న స్కోపులు వాడతారు. ఎందుకా అంకెలు? 56ను 8తో భాగించండి. 7 వస్తుంది! చీకట్లో మన కంటిపాప విచ్చుకునేది సుమారు 7 మిల్లీమీటర్లే! అద్దం పంపే వెలుగంతా కంటిలోకి సరిగ్గా పడుతుంది. లెక్క కుదిరిందా!

ఇక తూటా వైపు చూడండి! బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటాయి. దాదాపు ప్రతి 25 సెంటీమీటర్లకూ ఒక పూర్తి చుట్టు. తూటా సెకనుకు 900 మీటర్ల వేగంతో దూసుకొస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది? 2 లక్షలకు పైగా! మీ ఇంటి మిక్సీ ఎంత అరిచినా దాని దరిదాపులకు కూడా రాలేదు!

కిలోమీటరు దూరానికి శబ్దం చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. తూటాకు అందులో సగం చాలు! మోత వినిపించేసరికి అంతా అయిపోయి ఉంటుంది!

గాలిలో ఉన్నంతసేపూ తూటా కిందికి పడుతూనే ఉంటుంది, తెలుసా? మొదటి సెకనులోనే దాదాపు 4.9 మీటర్లు! ఒకటిన్నర అంతస్తుల ఎత్తు! అందుకే దూరాన్ని బట్టి బ్యారెల్‌ను కాస్త పైకెత్తి కాలుస్తారు. స్కోప్ మరలు చేసే పని అదే!

ఇది మాత్రం ఎవరికైనా చెప్పి తీరాలి! భూమి తిరుగుతోంది కదా? తూటా గాలిలో ఉండగా కూడా తిరుగుతూనే ఉంటుంది! హైదరాబాద్ అక్షాంశంలో ఒక కిలోమీటరు దూరానికి కాలిస్తే, ఒక్క భూభ్రమణం వల్లే తూటా కుడివైపు దాదాపు 3 సెంటీమీటర్లు జరుగుతుంది! ఉత్తరానికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ! గురిపెట్టేవాడు భూగోళాన్ని కూడా లెక్కలో వేసుకోవాలన్నమాట!

లడఖ్ ఎత్తుల్లో లెక్క మళ్లీ మారుతుంది. 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానిలో సగమే! పలుచటి గాలి తూటాను అంతగా ఆపలేదు. మైదానంలో సరిచేసుకున్న గురితో కొండ మీద కాలిస్తే తూటా లక్ష్యం పైనుంచి పోతుంది! పైకి వెళ్లగానే మళ్లీ కొత్త పట్టిక!

దూరం ఎలా కొలుస్తారనేగా మీ అనుమానం? లేజర్‌తో! కంటికి కనపడని ఒక మెరుపు కిలోమీటరు దూరం పోయి, తగిలి, తిరిగి వస్తుంది. సెకనును 10 లక్షల వంతులు చేస్తే, దానికి పట్టే సమయం అందులో 7 వంతుల కంటే తక్కువ! మీరు రెప్ప వేసేలోపు అది వేలసార్లు పోయి రాగలదు!

లేజర్ లేని రోజుల్లో? రష్యా డ్రాగునోవ్ రైఫిల్ 1963లో వచ్చింది. మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్నదే. దాని స్కోప్‌లో ఒక అడ్డగీత, దాని పైన ఒక వంపు గీత గీశారు. ఎదుటి మనిషి ఎత్తు 1.7 మీటర్లనుకుని, అతని పాదాలనూ తలనూ రెండు గీతల మధ్య ఇమిడిస్తే చాలు, పక్కనే దూరం కనిపిస్తుంది! బ్యాటరీ అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు!

ఒక రాణిగారి ముచ్చట కూడా చెప్పనివ్వండి. 1860లో లండన్ దగ్గర వింబుల్డన్‌లో షూటింగ్ పోటీలు మొదలుపెడుతూ తొలి తూటా పేల్చింది విక్టోరియా రాణి! విట్‌వర్త్ రైఫిల్‌ను స్టాండుకు బిగించి ఉంచారు, ఆమె తాడు లాగింది. లక్ష్యం 400 గజాల అవతల! తూటా నడిమధ్యకు సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో తగిలింది! ఆ రైఫిల్ బ్యారెల్ రంధ్రం గుండ్రంగా ఉండదు, ఆరు పలకలుగా ఉంటుంది!

ఇప్పుడు దీపాలార్పేద్దాం! రాత్రి కంటి వంతు వచ్చింది. నిండు పున్నమి వెన్నెల మనకు పట్టపగలులా అనిపిస్తుందిగా? ఎండ దానికంటే దాదాపు 4 లక్షల రెట్లు ఎక్కువ! అమావాస్య నాటి చుక్కల వెలుగు వెన్నెలలో కూడా వందో వంతుకు అటూఇటూ. నైట్ విజన్ స్కోప్‌కు ఆ చుక్కల వెలుగు చాలు!

ఎలాగంటారా? ముందు ఆ గుడ్డి వెలుగు ఒక పొరను తాకి ఎలక్ట్రాన్లను లేపుతుంది. అవి ఒక పలుచటి గాజు పలకలోకి దూరతాయి. ఆ పలకలో లక్షల రంధ్రాలు! ఒక్కొక్కటి మిల్లీమీటరులో దాదాపు వందో వంతు! గోడలకు కొట్టుకుంటూ ఒక్క ఎలక్ట్రాన్ వందలై, వేలై బయటికి ఉరుకుతుంది. చివర తెర మీద పడి బొమ్మ గీస్తుంది!

ఈ పొర, పలక, తెర అన్నీ ఉండే గొట్టానికి వేల వోల్టులు కావాలి. ఇచ్చేది ఏమిటో తెలుసా? గోడ గడియారంలో వేసుకునే 1.5 వోల్టుల చిన్న బ్యాటరీ! లోపలుండే ఒక బుల్లి సర్క్యూటు దాన్ని అంత ఎత్తుకు లేపుతుంది!

బొమ్మ పచ్చగా ఎందుకుంటుంది? మన కన్ను అన్నింటికన్నా బాగా పట్టేది 555 నానోమీటర్ల రంగును. అది పచ్చ! కొత్త రకాల్లో తెల్ల తెర కూడా వచ్చేసింది.

ఈ సౌఖ్యం మొదట్లో లేదు! 1945లో జర్మన్ సైనికులు వాంపిర్ అనే రాత్రి స్కోప్ వాడారు. దానికి పరారుణ దీపం కావాలి, దీపానికి బ్యాటరీ కావాలి. వీపున మోసిన ఆ మూట 13 కిలోలకు పైనే! పైగా ఎదుటివాడి దగ్గర కూడా అలాంటి స్కోప్ ఉంటే మన దీపం వాడికి కనపడిపోతుంది!

థర్మల్ స్కోప్‌కైతే చుక్కలు కూడా అక్కర్లేదు! అది చూసేది వేడిని. ఒంటి వేడినీ, ఇంజిన్ వేడినీ, ఇప్పుడే లేచి వెళ్లిన మనిషి కూర్చున్న చోటునీ! డిగ్రీలో 20వ వంతు తేడా ఉన్నా పసిగట్టేస్తుంది!

అంతటి కన్నూ ఒక కిటికీ అద్దం ముందు ఓడిపోతుంది! మామూలు గాజు ఆ వేడి కిరణాలను దాటనివ్వదు. మరి స్కోప్ ముందు భాగంలో ఏం పెడతారు? జెర్మేనియం అనే లోహం లాంటి పదార్థం! మన కంటికి దాని గుండా ఏమీ కనపడదు, నిగనిగలాడే బిళ్ళ మాత్రమే. వేడి కిరణాలు మాత్రం హాయిగా దూరిపోతాయి! వెలుగును వంచే గుణం గాజుకు 1.5 అయితే దీనికి 4!

పగటి స్కోప్ తీసి రాత్రి స్కోప్ పెడితే గురి చెదరదా? చెదురుతుంది! అందుకే క్లిప్-ఆన్ వచ్చింది. పగటి స్కోప్‌ను కదపరు. దాని ముందు రాత్రి పరికరాన్ని తగిలిస్తారు, అంతే! బిగించే పట్టాల మీద గాళ్లు సుమారు 10 మిల్లీమీటర్లకొకటి చొప్పున 1995 నాటి అమెరికా ప్రమాణం ప్రకారం ఉంటాయి. ఏ కంపెనీ పరికరమైనా పట్టేస్తుంది!

ఇన్ని అద్దాలు చూశాక ఇది వినండి! ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో దూరాన్ని దగ్గర చేసే స్కోప్ పెట్టకూడదు! చిన్న రంధ్రంలోంచే చూడాలి. నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఆ చుక్కనే చూసి!

చివరి రహస్యం మన ఇంట్లోదే! మచిలీపట్నంలో, అదే మన బందరులో, 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. సైన్స్ పరికరాలు చేసేది. తర్వాత అది భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లింది. కలంకారీ బట్టకూ, లడ్డూకూ పేరుపడ్డ బందరులో మన సైన్యం కోసం నైట్ విజన్ పరికరాలు తయారవుతున్నాయి! 2025 అక్టోబరులో బందరు ఉన్న కృష్ణా జిల్లాలోనే, నిమ్మలూరులో దాదాపు 360 కోట్ల రూపాయల కొత్త ఫ్యాక్టరీ కూడా మొదలైంది. చీకట్లో మన జవాను చూసే చూపు వెనుక మన బందరు చేతులున్నాయని ఈ రాత్రి మీ పిల్లలకు చెప్పండి!