మెట్రో దారిలో బౌద్ధ విహారం

బౌద్ధ క్షేత్రం చూడాలనుకున్న అమీర్‌పేట, పంజాగుట్ట వాసులు బుద్ధగయకో నాగార్జునకొండకో ప్రయాణం కడతారు. అంత తీరిక లేకపోతే హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గరికి పడవలో వెళ్లొస్తారు. రాయగిరి రాతిలో మలిచిన ఆ విగ్రహం చూడదగ్గదే, కానీ దాన్ని నిలబెట్టింది 1992లో. నగరంలో అసలు పాత బౌద్ధ స్థలం చైతన్యపురిలో ఉంది. అమీర్‌పేటలో ఎల్బీ నగర్ మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారే పని కూడా లేదు. అక్కడ మూసీకి దగ్గర్లో, కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద, ఒక బండపై ప్రాకృత భాషలో బ్రాహ్మీ లిపి శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన వస్తుంది. ఇది సుమారు 1500 ఏళ్ల కిందటి విష్ణుకుండిన రాజుల కాలం నాటిదని చరిత్రకారులు చెబుతారు.

మరి గోడలు లేవు, స్తూపం లేదు, ఒక్క బండ కోసం అంత దూరం ఎందుకని అడగొచ్చు. బండ మీది మాటలే జవాబు చెబుతాయి. శాసనం పిండపాతికులనే భిక్షువుల గురించి చెబుతోంది. వాళ్లు వండుకోరు, ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న భిక్షతోనే కడుపు నింపుకుంటారు. అలాంటివాళ్లు ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నారంటే, నడిచి వెళ్లగలిగే దూరంలో రోజూ పిడికెడు అన్నం పెట్టే ఇళ్లు ఉండి తీరాలి. హైదరాబాద్ 1591లో పుట్టిందని చదువుకున్నాం. నగరం వరకూ అది నిజమే. కానీ అంతకు వెయ్యేళ్ల ముందే మూసీ పక్కన పొలాలు దున్ని, పండిన దాంట్లో భిక్షువులకింత పెట్టిన జనం ఉన్నారు. రాజుల కోటలు చెప్పని ఆ సంగతి ఈ రాయి చెబుతోంది. ఒక్క శాసనం చూసి ఇక్కడో మహానగరం ఉండేదని అనలేం, ఊళ్లుండేవని మాత్రం ధైర్యంగా అనవచ్చు.

ఇప్పుడది నరసింహస్వామి సన్నిధి కదా, అక్కడ బుద్ధుడి ఊసెందుకన్నది ఇంకో అభ్యంతరం. రాయి కోసం కొండల్ని పిండి చేసిన ఈ నగరంలో, గుడి ఉన్న గుట్ట మీద చెయ్యి వేయడానికి ఎవరైనా వెనకాడతారు. శాసనం నేటికీ మిగలడంలో ఆ భక్తికీ వాటా ఉందని నా నమ్మకం. కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు రెండు చరిత్రలనూ గౌరవించాలి.

ముందుగా ఒక రోజు నాంపల్లిలో దిగి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో బౌద్ధ శిల్పాలు చూడండి. విహారాలు కట్టినవాళ్ల చేతిపని ఎలాంటిదో తెలుస్తుంది. గుట్టకు మాత్రం పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో గాడి పడిన ప్రతి గీతలోనూ నీడ నిలిచి, అక్షరం ఆకారం కంటికి ఆనుతుంది. మిట్టమధ్యాహ్నం అదే బండ బోసిగా కనిపిస్తుంది. చెప్పులు విడిచి, గుడివాళ్లను అడిగి చూడండి. ఫొటోలో బాగా పడాలని అక్షరాల మీద సుద్ద, పసుపు రుద్దకండి. వెంట పిల్లలను కూడా తీసుకెళ్లండి.