కొబ్బరిచెట్టుకు కట్టిన నెట్టు

కోనసీమలో గాలివాన వెలిశాక ముందు కరెంటు వస్తుంది. తర్వాత ఫోనులో టవరు గీతలు కనిపిస్తాయి. అందరికన్నా ఆఖరున ఇంట్లో నెట్టు వస్తుంది. మర్నాటికే వస్తే అదృష్టం, వారం పట్టినా అడిగే దిక్కు లేదు. ఈలోపు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే కుర్రాడు సెలవు పెట్టాలి, ధాన్యం డబ్బులు పడ్డాయేమో చూసుకోవాలనుకున్న రైతు బ్యాంకుకు వెళ్లి నిలబడాలి, అమెరికాలో ఉన్న కూతురి మొహం చూడాలనుకున్న తల్లి ఊరుకోవాలి.

ఇది నిన్న మొన్న పుట్టిన కష్టం కాదు. 1996 నవంబరు తుపానుకు ఇక్కడి కొబ్బరితోటలు నేలమట్టమైనప్పుడు టెలిఫోను తీగలు కూడా వాటితోపాటే పడ్డాయి. రాగి తీగల కాలమంతా చినుకు పడితే ఫోనులో గరగర, దానికి తగిలించిన నెట్టు మాయం. ఫైబరు వస్తే ఈ బాధ తీరుతుందన్నారు. ఫైబరు వచ్చింది, వేగమూ పెరిగింది. తీగ మాత్రం గాల్లోనే ఉంది.

మన రాష్ట్రంలో ఫైబరు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే నడిచింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్‌ను కూడా అలాగే వేశారు. భూమి తవ్వే ఖర్చు, తవ్వడానికి అనుమతుల ఆలస్యం తప్పాయి కాబట్టే నెలకు 149 రూపాయల ప్లాను పల్లెకు చేరింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అసలు చిక్కంతా ఆఖరి స్తంభం దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా. అక్కడ స్తంభం లేకపోతే కొబ్బరిచెట్టే స్తంభం. తీగను చెట్టుకు చుట్టి, మిగిలినదాన్ని చుట్టలా వేలాడదీసి వెళ్లిపోతారు. ఎండిన మట్ట ఊడిపడితే తీగ తెగుతుంది. ఉడత కొరికితే తెగుతుంది. దింపు కార్మికుడు గెల దించినా దాని మీదే పడుతుంది.

లోపల ఉన్నది వెంట్రుకంత గాజుపోగు. పూర్తిగా తెగితే కనీసం సంగతి తెలిసిపోతుంది. మడత పడితేనే అసలు ఏడుపు. వెలుతురు కొంత వస్తుంది, కొంత దారిలోనే పోతుంది. పగలు బాగానే ఉండి, సాయంత్రం గాలికి తీగ ఊగినప్పుడల్లా నెట్టు ఆగి ఆగి వస్తుంది. లైనుమన్ దగ్గర అరచేతిలో పట్టే పవర్ మీటరుంటుంది. తీగ కొస దానికి తగిలిస్తే మైనస్ 20 దగ్గర అంకె చూపితే లైను బాగున్నట్టే. మైనస్ 27 దాటి కిందికి పోతే ఇంట్లో మీరు ఏ బటన్ నొక్కినా ఉపయోగం లేదు. మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ అంకె ఎంతో అడగండి, రాసి పెట్టుకోండి. మళ్లీ నెట్టు పోయిన రోజున మీ మాటకు అదే సాక్ష్యం.

అయితే నేను ఈ కథనం రాస్తున్నది తీగల కోసం మాత్రమే కాదు. తీగ తెగడం కన్నా, తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకపోవడం ఈ ఊళ్లను ఎక్కువ నష్టపెడుతోంది. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "లైను బాగానే ఉందండి, మీ సిస్టంలోనే ప్రాబ్లం" అంటాడు. సిస్టం మోసుకుని అమలాపురం వెళితే అక్కడ "విండోస్ పోయిందండి, ఫార్మాట్ కొట్టాలి" అంటారు. ఫార్మాట్ కొట్టించి, డబ్బిచ్చి, పాత ఫొటోలన్నీ పోగొట్టుకుని ఇంటికొస్తే నెట్టు అప్పటికీ రాదు. ఎందుకంటే తీగ చెట్టు దగ్గరే తెగి ఉంది.

మోడెం మీద లైట్లు ఊరికే పెట్టలేదు. పాన్ అని రాసిన లైటు పచ్చగా నిలకడగా వెలిగితే వెలుతురు మీ ఇంటిదాకా వచ్చినట్టు. లాస్ అన్న చోట ఎర్రలైటు కొట్టుకుంటుంటే తప్పు మీ ఇంటి కంప్యూటరులో లేదు. ఆ రోజు సిస్టం జోలికి వెళ్లనే వద్దు. ఎర్రలైటుకు ఫొటో తీసి పంపండి, "మీ సిస్టమే" అనే మాట అక్కడితో ఆగిపోతుంది.

లైట్లన్నీ పచ్చగా ఉన్నా పేజీ తెరుచుకోలేదంటే, తెర మీద వచ్చిన మాట పూర్తిగా చదవాలి. మనవాళ్లు సాధారణంగా ఇక్కడే వదిలేస్తారు. ఇంగ్లీషులో ఏదో వచ్చింది, నెట్టు రావట్లేదు, అంతే. మా వీధి చివరింట్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిన అమ్మాయి కంప్యూటరులో ఒక్క సైటూ తెరుచుకోలేదు. మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదని ఎర్ర గుర్తుతో హెచ్చరిక. ఎవరో హ్యాక్ చేశారని ఇల్లంతా కంగారు. చూస్తే తెర కింది మూల తేదీ 2012 దగ్గరుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది, కరెంటు పోగానే గడియారం వెనక్కి పోయింది. ప్రతి సైటుకూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటరు ఇంకా 2012లోనే ఉన్నాననుకుంటే ఆ పత్రాలేవీ దాని దృష్టిలో చెల్లవు. తేదీ సరిచేయగానే సైటు తెరుచుకుంది. సీఆర్ 2032 అని అడిగితే ఏ ఫ్యాన్సీ షాపులోనైనా ఇచ్చే ఆ బ్యాటరీ వేశాక గడియారం మళ్లీ తప్పలేదు. దీనికి కూడా ఆ ఇంటివాళ్లకు ముందు ఫార్మాటే చెప్పారు.

తేదీ సరిగ్గా ఉన్నాక కూడా అదే హెచ్చరిక బ్యాంకు సైటులో వస్తే మాత్రం "పర్లేదు, లోపలికి పో" అనే మీట నొక్కకండి. అక్కడ పాస్‌వర్డు కొట్టారంటే డబ్బుకు హామీ లేదు.

డీఎన్ఎస్ అనే అక్షరాలతో ఎర్రర్ వస్తే, సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే సర్వరు పలకడం లేదనో, ఆ పేరు తనకు దొరకలేదనో అర్థం. ముందు సైటు పేరు సరిగ్గా కొట్టామో లేదో చూసుకోవాలి. ఏ సైటుకైనా అదే వస్తుంటే నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర గూగుల్ వాళ్ల 8.8.8.8 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 గానీ పెట్టి చూడొచ్చు. యూజర్ పేరు, పాస్‌వర్డుతో కలిపే కనెక్షన్లలో 691 అని వస్తే పాస్‌వర్డు తప్పడమో, నెల గడువు అయిపోవడమో. 651 అయితే కంప్యూటరుకూ మోడెంకూ మధ్య వైరు చూసుకోవాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఆ వైరు కొసన పిన్నులకు చిలుము పడుతుంది, వైరు మార్చితే చాలాసార్లు సరిపోతుంది. ఇక వైఫై సంగతి. మోడెం తెచ్చి ఇనప బీరువా వెనకాల పెడితే పక్క గదిలోకి సిగ్నల్ రాదు. బీరువా పక్కకు జరపనక్కర్లేదు, మోడెం పైకి పెట్టండి చాలు.

ఇంకో విషయంలోనూ తప్పు కేబుల్ వాళ్లదీ కాదు, లైనుదీ కాదు. ఈ ఊళ్లలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు చాలా ఉన్నాయి, వాటిలో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. 2023 నుంచి కొత్త క్రోమ్ కూడా దాని మీద ఎక్కదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు గడువు ముగిసింది. పాత బ్రౌజరులో కొన్ని సైట్లు సగమే తెరుచుకుంటాయి, కొన్నింట్లో మీట నొక్కినా కదలదు. ఉన్న డబ్బంతా పెట్టి పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటరు అది. అమ్మేవాళ్లు ఈ ముక్క ముందే చెప్పాలి. చెప్పరు కాబట్టి కొనేవాళ్లే అడగాలి.

విసిగిపోయిన మనిషి చివరికి చేసే పని ఫోనులో కస్టమర్ కేర్ నంబరు వెతకడం. మోసగాళ్లు కాచుకుని ఉండేది సరిగ్గా అక్కడే. "నెట్టు సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని మన తెర తమ చేతిలోకి తీసుకుని ఖాతా ఊడ్చేస్తారు. కంపెనీ నంబరు మీ బిల్లు మీద ఉంటుంది, దానికే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఫోను హాట్‌స్పాట్ ఉందిగా అనేవాళ్లు 2022 మే నెల గుర్తు చేసుకోవాలి. అమలాపురంలో గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని అవతలి సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. ఇంటికొచ్చే తీగ గట్టిగా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదని ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మరి ఎవర్ని అడగాలి? కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పడం ఫిర్యాదు కాదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చాలీచాలని జీతానికి వానలో నిచ్చెన భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేది అతనే. కానీ అతనితో అన్న మాట కంపెనీ పుస్తకంలో ఎక్కదు. ఎక్కనంతకాలం కంపెనీ లెక్కలో మన ఊళ్లో నెట్టు ఎప్పుడూ పోనట్టే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇంటర్నెట్ కంపెనీ ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారికి వెళ్లొచ్చు. నంబరు లేకపోతే ఆ అప్పీలుకు ఆధారమే ఉండదు.

ఆపరేటర్లకు నా విన్నపం ఒక్కటే. చెట్లకు కట్టిన తీగలు విప్పి స్తంభం పాతండి, తుపానుల కాలానికి ముందే ఆ పని పూర్తి చేయండి. పంచాయతీలు కూడా దీన్ని వీధిలైటంత అవసరంగా చూసి చోటు చూపించాలి. పాఠకులారా, ఈసారి నెట్టు పోయినప్పుడు మోడెం లైటుకు ఫొటో తీయండి, తెర మీది మాటకు ఫొటో తీయండి, బిల్లు మీదున్న నంబరుకు చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. వీధిలో పది ఇళ్లవాళ్లు పది నంబర్లు పట్టుకుని వెళితే, లైను బాగానే ఉందని ఎవరూ అనలేరు.