పాత ఇండ్ల మరమ్మతు వ్యాపారం – భాగస్వాముల హక్కులు, బాధ్యతలు

శిథిలమైన పాత ఇంటిని కొని, బాగుచేయించి, లాభానికి అమ్మడం ధర్మసమ్మతమైన వ్యాపారమే. హైదరాబాదు పాతబస్తీలోనూ, కర్నూలు వంటి పాత పట్టణాలలోనూ డంగు సున్నంతో కట్టిన ఇండ్లు నేటికీ ఉన్నాయి. కొనడానికి సొమ్ము ఒకరి వద్ద ఉంటుంది; పని తెలిసినవాడు వేరొకడై ఉంటాడు. "మనలో మనకు కాగితాలెందుకు" అనుకొని ఇద్దరూ పని మొదలుపెడతారు. ఇల్లు అమ్ముడుపోయిన నాడు తగవు మొదలవుతుంది. ఇటువంటి తగవులకు తావులేకుండా ఫఖీహులు, అనగా ధర్మశాస్త్రవేత్తలు, ఏర్పరచిన నియమాలను క్లుప్తంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు విధాలు

సొమ్మంతా ఒకరిది, శ్రమ మరొకరిది అయితే అది ముజారబత్. దైవదౌత్యానికి పూర్వం మహాప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (ర) గారి సరకుతో సిరియాకు వెళ్లి వర్తకం చేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఇద్దరూ సొమ్ము పెడితే అది షిర్కత్.

రెండింటిలోనూ లాభాన్ని వంతుల రూపంలో, అంటే సగమో, మూడోవంతో అని ముందే నిర్ణయించుకోవాలి. "లాభం వచ్చినా రాకపోయినా నెలకు ఇంత ఇవ్వాలి" అన్న షరతు చెల్లదు. అలా షరతు పెడితే వ్యాపారం పేరుతో వడ్డీ లోపలికి వచ్చినట్లే.

నష్టం సంగతి వేరు. ముజారబత్‌లో నష్టం సొమ్ము యజమానిదే. పనిచేసినవాడు తన శ్రమను కోల్పోతాడు. అయితే అతని నిర్లక్ష్యం వల్లనో, మోసం వల్లనో నష్టం వస్తే అతడే బాధ్యుడు. షిర్కత్‌లో నష్టం పెట్టుబడి నిష్పత్తినే అనుసరిస్తుంది. లాభం విషయంలో హనఫీ, హంబలీ విద్వాంసులు పనిచేసే భాగస్వామికి పెట్టుబడిని మించిన వాటాను అనుమతించారు. మాలికీ, షాఫయీ విద్వాంసులు లాభం కూడా పెట్టుబడి ప్రకారమే ఉండాలన్నారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు 30 లక్షలు, పని చూసే రెండవవారు 10 లక్షలు పెట్టారు. లాభం చెరిసగమని అనుకున్నారు. ఖర్చులన్నీ కలిపి 40 లక్షలైన ఇల్లు 46 లక్షలకు పోతే ఒక్కొక్కరికి 3 లక్షల లాభం. 36 లక్షలకే పోతే 4 లక్షల నష్టంలో మొదటివారు 3 లక్షలు, రెండవవారు 1 లక్ష భరించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. అంటే పై నష్టంలో రెండవవారిపై 2 లక్షలు పడతాయి. షరీఅత్ నియమం అమలు కావాలంటే దానిని పత్రంలో వ్రాసుకొని తీరాలి. పైగా ఆ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థలోని భాగస్వామి ఒప్పంద హక్కుల కోసం తోటి భాగస్వామిపై దావా వేయడానికి సాధారణంగా వీలుండదు. అప్పును వ్రాసుకోండని దివ్య ఖుర్‌ఆన్ (2:282) ఆదేశిస్తుండగా, అప్పుకంటే చిక్కైన భాగస్వామ్యాన్ని నోటిమాటకు వదిలివేయడం ఏమి వివేకం?

అంచనా మించితే

పాత ఇంటి పని అంచనా ప్రకారం సాగడం అరుదు. పెచ్చులు తీసేసరికి చెదపట్టిన దూలాలు బయటపడతాయి. పెట్టుబడి అయిపోయాక పనిచూసేవాడు తన సొమ్ము పెడితే, దాని గతి ఏమిటి?

12వ శతాబ్దపు హనఫీ గ్రంథం 'హిదాయా' బట్టల వ్యాపారంతో దీనిని వివరిస్తుంది. ముజారబత్ సొమ్మంతటితో బట్టలు కొన్నవాడు తన సొంత డబ్బుతో వాటిని చలువ చేయిస్తే, అది అతడు ఉచితంగా చేసిన ఉపకారమే, తిరిగి అడగలేడు. ఎర్రరంగు వేయిస్తే మాత్రం, రంగు బట్టలో నిలిచివుండే వస్తువు గనుక, దానివల్ల పెరిగిన విలువకు భాగస్వామి అవుతాడు. ఈ సూక్ష్మభేదాన్ని ఇంటి పనికి అన్వయించేటప్పుడు వాదాలు పుట్టకమానవు. కనుక అదనపు ఖర్చుకు ఎవరి అనుమతి కావాలో, ఎంతవరకో ముందే వ్రాసుకోవడం ఉత్తమం.

తడిసిన ధాన్యం, చెమ్మగోడ

మరమ్మతుకొక క్రమముంది. ముందు కప్పు, తూములు. తరువాత గోడల చెమ్మ, దూలాలు. ఆపైన కరెంటు తీగలు, నీటి గొట్టాలు. చివరకు పూత, రంగు. సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడను తినివేస్తుంది. అటువంటి గోడకు సున్నపు పూతే తగినది.

రంగు ఒక్కటే వేసి చెమ్మను కప్పిపుచ్చేవారు లేకపోలేదు. కొన్నవాడు మొదటి వానాకాలంలో ఏడుస్తాడు. మహాప్రవక్త (స) బజారులో ఒక ధాన్యరాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఉంచవలసిందని ఆయన వర్తకుని మందలించారు. కొత్త రంగు క్రింది చెమ్మగోడ ఆ ధాన్యరాశి వంటిదే. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు తెలపాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా చెబుతున్నది.

కొనేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. తండ్రిపోయిన ఇంటిని అన్నదమ్ములే అమ్మితే, అక్కచెల్లెళ్ల వాటా ఏమైందో విచారించాలి. ఆ ఆస్తి వక్ఫ్‌ది కాదని తేల్చుకోవాలి. పునాదిలోనే ఇతరుల హక్కు ఉన్న ఇంటికి ఎంత చక్కని పూత పూసినా, దాని లాభం మనకు ధర్మసమ్మతం కానేరదు.