బరి లేని పందెపు కారు

స్పోర్ట్స్ కారు అంటే వేగంగా పోయే ఖరీదైన కారు అనుకోవడం వాడుకలో ఉన్నదే గాని, ఆ మాటకు అసలు అర్థం అంతకంటే ఇరుకైనది. నేలకు వీలైనంత దగ్గరగా, బరువు తక్కువగా, సాధారణంగా ఇద్దరికే చాలినంత చోటుతో, మలుపులో చక్రాల పట్టు సడలకుండా తిరగడమే ప్రధానంగా పెట్టుకుని, సామానునూ సౌకర్యాన్నీ వెనక్కి నెట్టి తయారుచేసిన వాహనానికే ఆ పేరు తగుతుంది. 1963లో జర్మనీలో తొలిసారి ప్రదర్శించి, మరుసటి ఏడాది నుంచి నేటివరకు రూపురేఖలు పెద్దగా మార్చకుండా తయారుచేస్తున్న పోర్షే 911 దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. దాని వెనుక సీట్లు పేరుకు మాత్రమే సీట్లు. ఆ లెక్కన చూస్తే లంబోర్ఘిని ఉరుస్ వంటి ఎత్తైన ఎస్‌యూవీలు ఎంత వేగంగా పరుగెత్తినా ఈ జాతికి దూరపు చుట్టాలే అవుతాయి.

కృష్ణా పడమటి డెల్టాలో, అరటీ పసుపూ కందా పండే లంకల అంచున ఉన్న కొల్లూరు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఒక మండల కేంద్రం. వజ్రాల గనులకు పేరుమోసిన పల్నాటి కొల్లూరు వేరు, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న కొల్లూరు వేరు. ఆంధ్రా పారిస్ అనిపించుకున్న తెనాలికీ, రేపల్లెకూ పొరుగున ఉన్న ఈ ప్రాంతం నుంచి చదువుల కోసమూ వ్యాపారాల కోసమూ హైదరాబాదుకో అమెరికాకో తరలిపోయిన కుటుంబాలు చాలా ఉన్నందువల్ల, వేగపు కారు మీది మోజు ఇక్కడివారికి సినిమాల్లో చూసిన ముచ్చటగా మాత్రమే మిగలలేదు. అటువంటి కారు ఉన్నవారూ, కొనాలనుకునేవారూ రాబోయే ఏడాది మీద పెట్టుకోగల ఆశలు ధర, దారి, బరి అనే మూడింటి చుట్టూ తిరుగుతాయి. వీటిలో అందరూ మాట్లాడేది మొదటిదాని గురించి, ఎవరూ పెద్దగా అడగనిది చివరిదాని గురించి.

ధర విషయంలో ముందుగా గ్రహించవలసినది, విదేశంలో పూర్తిగా తయారై ఓడలో దిగే కారు మీద పన్నులు ఒకదానిమీద ఒకటి పేరుకుంటూ పోతాయన్న సంగతి. రవాణా, బీమా ఖర్చులతో కలిపి 40,000 డాలర్లు దాటిన కారుకు, 2025 బడ్జెట్ తరువాత, మూల దిగుమతి సుంకం 70 శాతం, దానికి తోడు వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 40 శాతం, అంటే రెండూ కలిసి 110 శాతం పడుతుంది. రేవుకు చేరేసరికి కోటి రూపాయలున్న కారు ఆ సుంకంతో 2 కోట్ల 10 లక్షలకు చేరుతుంది. ఆ మొత్తం మీద 40 శాతం జీఎస్టీ వేస్తే 2 కోట్ల 94 లక్షలవుతుంది. డీలరు లాభమూ, రవాణా శాఖకు కట్టే జీవితకాల పన్నూ, బీమా ఇంకా దీనికి అదనం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారకముందు ఇదే తరగతి పెట్రోలు కారు మీద 28 శాతం పన్నూ 20 శాతం పరిహార సెస్సూ కలిసి ఉండేవి కాబట్టి, ఆ మార్పుతో కొంత భారం తగ్గిందనే చెప్పాలి. విద్యుత్ కార్లకు జీఎస్టీ 5 శాతమే కావడం వల్ల ఈ లెక్క మరో దారి పడుతుంది. 2025 జులైలో ఎంజీ సంస్థ సైబర్‌స్టర్ అనే విద్యుత్ స్పోర్ట్స్ కారును దాదాపు 75 లక్షల రూపాయలకు భారత విపణిలో పెట్టగలగడానికి ఈ తేడా కూడా ఒక కారణం.

ఇప్పుడు ఆశలన్నీ వాణిజ్య ఒప్పందాల మీద ఉన్నాయి. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందమూ, 2026 జనవరి 27న ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్లు ప్రకటించిన ఒప్పందమూ కార్ల సుంకాన్ని దశలవారీగా 10 శాతానికి దించుతామని చెబుతున్నాయి. అయితే ఆ తగ్గింపు కోటాకు లోబడినది. అంటే ఏడాదికి ఇన్ని కార్లకే తక్కువ సుంకం, ఆ సంఖ్య దాటితే ఎక్కువ సుంకం. ఐరోపా ఒప్పందంలో ఈ కోటా గరిష్ఠంగా రెండున్నర లక్షల కార్లు. పై లెక్కలోని కోటి రూపాయల కారే 10 శాతం సుంకంతో, అదే జీఎస్టీతో 1 కోటి 54 లక్షలకు వస్తుంది. ఈ తేడా కొనబోయేవారికి ఎంత సంతోషమో, ఇప్పటికే కొన్నవారికి అంత కలవరం. పాత సుంకం కట్టి తెచ్చుకున్న కారు సెకండ్ హ్యాండ్ ధర, కొత్త కారు చవకయ్యే కొద్దీ పడిపోక తప్పదు గనుక, అమ్మదలచినవారు తొందరపడతారు, కొనదలచినవారు ఆగుతారు, మధ్యలో దలాలీ చేసేవారు ఇద్దరికీ సర్దిచెబుతూ కాలం గడుపుతారు. మొత్తానికి ఈ విపణి చాలా చిన్నది; లంబోర్ఘిని వంటి సంస్థ భారతదేశం మొత్తం మీద ఏడాదికి వంద కార్ల సంఖ్యను దాటడమే 2023లో వార్త అయింది, ఆ ఏడాది అమ్ముడైనవి 103.

దారి సంగతి డెల్టాలో ఉన్నవారికి వేరుగా చెప్పనవసరం లేదు. ఈ కార్ల అడుగుభాగానికీ నేలకూ మధ్య ఎడం చాలావరకు 11, 12 సెంటీమీటర్లకు మించదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశించిన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, ఆ కొలతలతో వేస్తే ఎంత కిందికి ఉన్న కారైనా నెమ్మదిగా దాటిపోగలదు. ఊరి పొలిమేరలో, బడి ముందు, గుడి ముందు ఎవరికి తోచినట్లు వారు కంకర పోసి తారు పూసిన గుట్టలకు ఆ కొలతలు వర్తించవు. బటను నొక్కితే ముందు భాగం సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకి లేచే ఏర్పాటును కొన్ని సంస్థలు అదనపు డబ్బుకు అమరుస్తున్నాయి. తెనాలి చుట్టుపక్కల తిప్పే కారుకు చర్మపు సీట్ల కంటే ఇదే ముఖ్యమైన ఖర్చు.

కృష్ణ ఒడ్డున కారు ఉంచుకునేవారికి నీటి భయం మరొకటి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అంటే బ్యారేజి చరిత్రలోనే అత్యధికం, దిగువకు వెళ్లినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం తక్కువ ఎత్తులో ఉండే కార్లలో, నీళ్లలో నిలిచిన బండిని స్టార్టు చేస్తే సిలిండరులోకి నీరు చేరుతుంది. గాలిలా నీరు నొక్కుకుపోదు కనుక పిస్టన్‌ను నెట్టే కడ్డీ వంగిపోయి ఇంజను మొత్తం పాడవుతుంది. సాధారణ సమగ్ర బీమా ఈ నష్టాన్ని తరచుగా భరించదు, ఇంజను రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. కరకట్టకు లోపలివైపు ఊళ్లలో వానకాలం కారు ఉంచేవారు రాబోయే ఏడాది ప్రణాళికలో మొదట రాసుకోవలసినది ఇదే.

పెట్రోలు గురించి క్లుప్తంగా చెబితే చాలు. ఆక్టేన్ సంఖ్య అనేది ఇంధనం సమయానికి ముందే తనంతట తాను మండిపోకుండా ఎంత ఒత్తిడి తట్టుకోగలదో తెలిపే కొలత. స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తాయి కనుక వాటికి 95 లేదా అంతకు మించిన ఆక్టేన్ కావాలి, మామూలు పెట్రోలుకు మన పాత ప్రమాణం 91. బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆక్టేన్‌ను పెంచుతుంది గాని, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది కాబట్టి, నెలకొకసారి షెడ్డు లోంచి బయటికి తీసే పాత కారుకు అది అంతగా నప్పదు. కారును వాడుతూ ఉండడమే దానికి మందు.

వాడడం ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. కేంద్రం 2018లో నిర్ణయించిన పరిమితుల ప్రకారం కారు వేగం విభాజకమున్న నాలుగు వరుసల రహదారిపై గంటకు 100 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌వేపై 120 దాటకూడదు. నిలిచిన చోటు నుంచి నాలుగు సెకన్లలో 100ను అందుకునే కారుకు, ఆ నాలుగు సెకన్ల తరువాత చట్టబద్ధంగా చేయడానికి ఏమీ మిగలదు. అంతకు మించి, బహిరంగ రహదారిపై పందెం వేయడాన్ని మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను నేరంగా పరిగణిస్తుంది. మొదటిసారికి మూడు నెలల వరకు జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష సరైనదే, ఇంకా గట్టిగా ఉన్నా తప్పులేదు. సైకిలు మీద పసుపు బస్తా వేసుకుని పోయే రైతూ, బడికి నడిచే పిల్లలూ తిరిగే దారిలో ఎవరి మోజుకూ హక్కు లేదు.

ఇదే కోస్తాలో కొరిశపాడు వద్ద 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవున తిన్నగా, విభాజకం లేకుండా, కాంక్రీటుతో వేసిన అత్యవసర రన్‌వే ఉంది. యుద్ధమో వరదో వచ్చినప్పుడు విమానాలు దిగడానికి ఉద్దేశించిన ఆ భాగంలో 2022 డిసెంబరు 29న, తిరిగి 2024 మార్చి 18న వాయుసేన విన్యాసాలు జరిగాయి. వేగపు కారు నడిపేవారికి అక్కడ పాదం దురద పెట్టడం సహజమే అయినా, అది విమానాలు లేని రోజుల్లో లారీలూ బస్సులూ నడిచే మామూలు రహదారే. అయితే రన్‌వేకూ రేసుకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. 1950 మే 13న తొలి ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగిన బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయం. మన దక్షిణాదిలో మోటారు పందేలకు తొలి ఇల్లయిన షోలవరం కూడా మద్రాసుకు ఉత్తరాన వదిలేసిన యుద్ధకాలపు విమాన పట్టీయే. అక్కడ పోటీలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు తరువాత చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత ట్రాకు కట్టుకుని 1990లో తెరిచింది.

పందెపు ప్రాణికి బరి కావాలన్న జ్ఞానం ఈ డెల్టాకు కొత్తగా నేర్పవలసినది కాదు. గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తల జతలు నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలిచి బహుమతులిస్తారు. ఎద్దు వయసును పళ్లతో లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు చేస్తారు. మోటారు పందేల్లో ఇంజను సామర్థ్యాన్ని బట్టి చేసే విభజనకు ఇది ఏమాత్రం తీసిపోదు. జంతుహింసకు సంబంధించిన అభ్యంతరాలు వేరే చర్చ గాని, చదును చేసిన నేల, కట్టిన దడి, కొలిచే న్యాయనిర్ణేతలు, ముందే తెలిసిన నియమాలు అక్కడ ఉంటాయి. గిత్తల జతను మేపే ఆసామి దాన్ని రేపల్లె రోడ్డు మీద పరుగెత్తించడు.

కార్ల విషయంలో తెలుగు నేల అటువంటి ఏర్పాటుకు ఒకసారి దగ్గరగా వెళ్లింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగి, ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన రెండో పోటీ రద్దయింది. నగరపు వీధులకు తాత్కాలికంగా గోడలు కట్టి నడిపే పోటీకి ఉన్న బలహీనత ఇదే, గోడలు విప్పితే ఏమీ మిగలదు. ఆసక్తి మాత్రం తగ్గలేదు. నటుడు అక్కినేని నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టు యజమాని అయ్యాడు. సికింద్రాబాదులో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ సొంత జట్టు 2025 జనవరిలో దుబాయి 24 గంటల పందెంలో తన విభాగంలో మూడో స్థానం సాధించింది.

కాబట్టి కొత్త ఏడాదిలో నిజంగా కారును నడపాలనుకునే యజమాని చేయగలిగిన పని ఒకటి ఉంది. చెన్నైలోని మోటారు క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్ఎంఎస్‌సీఐ, గుర్తించిన శిక్షణ తీసుకుని పోటీ లైసెన్సు సంపాదించవచ్చు. పందెం లేకుండా ఎవరి కారు వారు నడుపుకునే ట్రాక్ డే అనే రోజుల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. సాధారణ మోటారు బీమా పందేల్లోనూ వేగ పరీక్షల్లోనూ జరిగిన నష్టానికి వర్తించదన్న షరతును మాత్రం ముందుగా చదువుకోవాలి. ఇక ప్రభుత్వాలకు విన్నవించదగినది సుంకం తగ్గింపు కంటే ముందు ఒక శాశ్వత ట్రాకు. అది ధనికుల కార్లకే పరిమితం కాదు, రాత్రిళ్లు బైపాస్‌ల మీద మోటారు సైకిళ్లతో ప్రాణాలు పణంగా పెట్టే కుర్రవాళ్లకు అంతకంటే ఎక్కువ అవసరం. ప్రస్తుతానికి ఈ డెల్టాకు దగ్గరలో అటువంటి పూర్తిస్థాయి ట్రాకు లేదు. కొల్లూరు నుంచి బయలుదేరే కారు ఇరుంగట్టుకోట్టై చేరడానికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా, గంటకు వంద దాటకుండా, ప్రయాణించాలి.