ఒకే ప్రయాణం, రెండు దినచర్యలు

తాండూరు మార్కెట్ యార్డులో కందుల బస్తా కాంటా మీదికెక్కినపుడు రైతు చూపు తూకం మీదనే నిలిచి ఉంటుంది. తూకం తగ్గితే సొమ్ము తగ్గుతుంది. నూట ఇరవై ఏండ్ల క్రితం కాంగో అడవులలో రబ్బరు బుట్ట తూకం తగ్గితే కొరడా దెబ్బలు పడేవి; ఆలుబిడ్డలను బందీలుగా పట్టుకొనేవారు; చేతులు నరికిన సంఘటనలూ ఉన్నాయి. ఈ ఘోరాన్ని సాక్ష్యాధారాలతో నమోదు చేసిన యాత్రికుడు రోజర్ కేస్‌మెంట్.

కేస్‌మెంట్ 1864లో ఐర్లండులోని డబ్లిన్ సమీపాన జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. 1884లో కాంగో చేరి, అన్వేషక బృందాలతో అడవులలో సంచరించాడు. తరువాత బ్రిటిష్ రాయబార ఉద్యోగి అయ్యాడు. నాడు కాంగో బెల్జియం రాజు రెండవ లియోపోల్డు సొంత ఆస్తి. 1903లో అక్కడి పరిస్థితులను విచారించవలసిందిగా బ్రిటిష్ ప్రభుత్వం కేస్‌మెంట్‌ను ఆదేశించింది. ప్రభుత్వ నౌక ఎక్కితే ప్రభుత్వం చూపదలచినదే కనబడుతుందని గ్రహించి, అతడు మిషనరీల ఆవిరి పడవను అద్దెకు తీసుకొన్నాడు. ఆ జాగ్రత్త ఫలించింది. 1904లో అతని నివేదిక వెలువడింది. 1908లో లియోపోల్డు కాంగోను వదులుకోవలసి వచ్చింది. 1910లో అమెజాన్ అడవులలోని పుటుమాయో ప్రాంతంలోనూ అతడు ఇటువంటి విచారణే జరిపాడు. 1911లో 'సర్' బిరుదు లభించింది.

కేస్‌మెంట్ స్వలింగ ప్రేమికుడు. ఇంగ్లండులో 1885 నాటి చట్టం పురుషుల మధ్య అటువంటి అనుబంధాన్ని రెండేండ్ల వరకు జైలుశిక్షకు అర్హమైన నేరంగా ప్రకటించింది. 1895లో ప్రసిద్ధ రచయిత ఆస్కార్ వైల్డ్ ఆ చట్టం కిందనే చెరసాల పాలయ్యాడు. అందువల్ల కేస్‌మెంట్ అమెజాన్ యాత్రలో రెండు దినచర్యలు రాసుకొన్నాడు: లోకానికి చూపదగినది ఒకటి, తనకు మాత్రమే చెందినది మరొకటి. మన కావ్యనాయకులకు మనసు విప్పి చెప్పుకొనడానికి ఒక చెలికాడైనా ఉంటాడు. ఇతనికి కాగితమే దిక్కయింది.

ఆ కాగితమే అతనికి శత్రువైంది. పరాయి దేశాల పీడితుల గాథలు విన్న కేస్‌మెంట్‌కు స్వదేశం కూడా పరాధీనంగానే కనిపించింది. 1913లో ఉద్యోగం వదలి ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంలో చేరాడు. ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ సాయం కోరి, 1916 ఏప్రిల్‌లో జలాంతర్గామి నుండి ఐర్లండు తీరాన దిగి పట్టుబడ్డాడు. రాజద్రోహ నేరానికి మరణశిక్ష పడింది. క్షమాభిక్ష కోసం బెర్నార్డ్ షా, కానన్ డాయిల్ వంటివారు ప్రయత్నించారు. అపుడు అధికారులు అతని రహస్య దినచర్య పుటలను పత్రికా సంపాదకులకు, రాజకీయ ప్రముఖులకు చాటుగా చూపించారు. అభియోగం రాజద్రోహం, ప్రచారం జరిగింది మాత్రం అతని ప్రేమను గురించి! సానుభూతి సన్నగిల్లింది. 1890లో కాంగోలో అతనితో ఒకే గదిలో నివసించిన నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్ కూడా అభ్యర్థనపై సంతకం చేయలేదు. 1916 ఆగస్టు 3న లండన్ పెంటన్‌విల్ కారాగారంలో కేస్‌మెంట్‌ను ఉరి తీశారు.

తరువాత చాలామంది ఐరిష్ అభిమానులు ఆ దినచర్యలు కూటసృష్టి అని వాదించారు. దేశభక్తుడు అటువంటివాడై ఉండడని వారి నమ్మకం. విచిత్రమేమనగా, అతనికి కీడు తలపెట్టినవారి ఊహ కూడా అదే. 2002లో జరిగిన శాస్త్రీయ పరీక్షలో చేతిరాత అతనిదేనని తేలింది.

ఐర్లండు 1993లో ఆ పాత నేరచట్టాన్ని తొలగించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పెద్దల పరస్పర అంగీకార సంబంధాలకు వర్తించదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో వికారాబాదు రహదారిలోని ఒక విడిదిలో ఇద్దరు పురుషులు బంధుమిత్రుల సమక్షంలో ఉంగరాలు మార్చుకొన్నారు. అటువంటి వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు నిరాకరించింది.

కేస్‌మెంట్ అస్థికలను 1965లో డబ్లిన్‌కు తరలించి, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. ఆంట్రిమ్ తీరంలోని మర్లో అఖాతం ఒడ్డున తనను పూడ్చిపెట్టాలని అతడు కోరుకొన్నాడు. ఆ ప్రదేశం బ్రిటిష్ పాలనలోని ఉత్తర ఐర్లండులో ఉన్నందున ఆ కోరిక నేటికీ తీరలేదు.